సెకండ్ హ్యాండ్ 125 పిట్ బైక్: కొనేముందు ఏం చూడాలి, డబ్బు ముందు దేని మీద పెట్టాలి?

ఎర్రమట్టి

మట్టిలో నడుపుకునే చిన్న బండి, అదే పిట్ బైక్, ఒకటి కొనాలనుకుంటున్నా. షాద్‌నగర్ దగ్గర సొంత చేనులో రెండెకరాలు ఖాళీగా ఉంది. ఎర్రనేల, మధ్యమధ్యలో రాళ్ళు, ఒక చిన్న గట్టు. రోడ్డు మీదికి తీసుకెళ్ళే పని లేదు. నా బరువు 68 కిలోలు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. నేను పక్కనుంటే 14 ఏళ్ళ తమ్ముడు కూడా నడుపుతాడు.

చూసిన బండ్లు మూడు:

1. చైనా 125, ముందు 14, వెనక 12 అంగుళాల చక్రాలు, చేతి క్లచ్, కిక్ స్టార్ట్. రెండేళ్ళు వాడింది. ఇంజిన్ ఏ కంపెనీదో అమ్మే అతనికి తెలియదు.
2. కొత్త చైనా 140, 17/14 చక్రాలు. ధర మొదటిదానికి దాదాపు రెట్టింపు.
3. వాడిన కవాసకి కేఎల్‌ఎక్స్110. బండి నీట్‌గా ఉంది, కానీ క్లచ్ ఆటోమేటిక్.

మొదటిది తీసుకుని మిగిలిన డబ్బుతో అప్‌గ్రేడ్ చేద్దామని అనుకుంటున్నా. తెలిసిన మెకానిక్ "ఎలాగూ ఇంజిన్ పోతుంది, స్ప్లెండర్ ఇంజిన్ పెట్టేద్దాం" అంటున్నాడు. కొనేముందు ఏవేవి చెక్ చేయాలి? కొన్నాక ముందు ఏది మార్చాలి? మెయింటెనెన్స్ ఎన్ని గంటలకోసారి? వివరంగా చెప్పగలరా అన్నలూ.

---

కిక్‌రాడ్

ఎర్రమట్టి తమ్ముడూ, ముందు సైజు సంగతి. 10 అంగుళాల చక్రాల బండి పిల్లలకి. నీ ఎత్తుకి 14/12 సరిపోతుంది, తమ్ముడి కాళ్ళూ నేలకి అందుతాయి. 17/14 మీద నీకు నిలబడి నడపడం హాయిగా ఉంటుంది, రాళ్ళ మీద పెద్ద చక్రం సులువుగా ఎక్కుతుంది. కానీ సీటు ఎత్తు వల్ల 14 ఏళ్ళ వాడు ఆగినప్పుడల్లా పడే అవకాశం ఎక్కువ. ఇద్దరికీ ఒకే బండి అంటే 14/12 నే.

ఇప్పుడు ఇంజిన్. ఈ బండ్ల ప్లాస్టిక్ మీద రాసిన అంకెని నమ్మకు. ఇంజిన్ ఎడమవైపు, కింద కేసు మీద చెక్కిన నంబరు చూడు. మట్టి పేరుకుని ఉంటుంది, కిరోసిన్ గుడ్డతో తుడువు. 152ఎఫ్‌ఎంహెచ్ లాంటి కోడ్ కనబడుతుంది. మొదటి 1 అంటే ఒక సిలిండర్. 52 అంటే బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 52 మి.మీ. పైచిలుకు. ఎఫ్ అంటే గాలితో చల్లబడేది, ఎం అంటే మోటార్‌సైకిల్‌ది. చివరి అక్షరం సీసీ తరగతి: హెచ్ 110, ఐ 125, జె 150 తరగతి. వైఎక్స్ అనే చైనా కంపెనీ 140 ఇంజిన్ మీద 1పీ56ఎఫ్‌ఎంజె అని ఉంటుంది. 56 బోరు, 57 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), లెక్కవేస్తే 140 సీసీ. 152ఎఫ్‌ఎంహెచ్ అయితే 52.4 బోరు, 49.5 స్ట్రోక్, అంటే 107 సీసీ. అదే బోరుకి 55.5 స్ట్రోక్ ఉంటే 120 సీసీ, దాన్నే 125 అని అమ్ముతారు. 125 అని రాసి 110 ఇంజిన్ పెట్టిన బండ్లు చాలా తిరుగుతున్నాయి. నడపడానికి 110 చెడ్డదేం కాదు. 125 ధర మాత్రం ఇవ్వకు. రేపు పిస్టన్, గాస్కెట్ కొనేటప్పుడు కూడా ఈ కోడే కావాలి, ఫోటో తీసి పెట్టుకో.

చెక్ చేయాల్సినవి, ముఖ్యమైనవి ముందు:

ఫ్రేమ్. ట్యాంకు కింద హ్యాండిల్ మెడ దగ్గర వెల్డింగ్ చుట్టూ, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) బోల్టు చుట్టూ, ఫుట్‌రెస్టు బ్రాకెట్ దగ్గర టార్చ్ వేసి చూడు. పెయింట్ మీద వెంట్రుకంత గీత, అందులోంచి సన్నగా తుప్పు కారిన మరక ఉంటే అది పగులే. ఒక్కచోటే కొత్త పెయింట్ ఉన్నా అనుమానించు. మెడ దగ్గర పగులు ఉన్న బండి ఎంత తక్కువకిచ్చినా వద్దు. దూకి దిగినప్పుడు హ్యాండిల్ విడిపోయి వస్తుంది.

స్వింగ్ ఆర్మ్. బండిని స్టూలు మీద ఎక్కించి, వెనక చక్రం పట్టుకుని పక్కలకి ఊపు. టక్ టక్ అంటే బుష్ గానీ చక్రం బేరింగ్ గానీ పోయింది. అవి చవక. స్వింగ్ ఆర్మ్ బోల్టు రంధ్రమే అండాకారంగా అరిగి ఉంటే అది లేత్ పని.

ముందు ఫోర్క్. రాడ్ల మీద గీతలు, సీలు దగ్గర నూనె తడి. సీలు మార్చొచ్చు. రాడ్ మీద గోరుకి తగిలే గీత ఉంటే కొత్త సీలు కూడా త్వరలోనే కారుతుంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. నువ్వు వెళ్ళేసరికే వేడి చేసి ఉంచితే ఆరాక మళ్ళీ చూస్తానని చెప్పు. మూడు నాలుగు కిక్కుల్లో అందుకోవాలి. బాగా వేడెక్కాక ఆపి, మళ్ళీ కిక్ కొట్టు. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకుని, వేడి మీద మొరాయిస్తే వాల్వ్ టైట్ అయి ఉంటుంది, లేదా పైలట్ జెట్టు (కార్బోరేటర్‌లో ఐడిల్‌కి పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రం ముక్క) తేడా. ఎక్సలేటర్ వదిలి మళ్ళీ ఇచ్చినప్పుడు నీలం పొగ కనబడితే రింగులో, వాల్వ్ సీళ్ళో పోయినట్టు. కిక్ రాడ్ ఊగుతుంటే దాని షాఫ్ట్ పళ్ళు అరిగాయి. రాడ్ మారిస్తే సరిపోతుందా, షాఫ్టే మార్చాలా అన్నది రాడ్ ఊడదీసి చూస్తేగానీ తేలదు. షాఫ్ట్ మార్చాలంటే ఇంజిన్ కేసు విప్పాలి.

కేఎల్‌ఎక్స్110 గురించి ఒక మాట. 112 సీసీ, 14/12 చక్రాలు, సీటు ఎత్తు 680 మి.మీ., బరువు 76 కిలోలు. దాని ఇంజిన్ చైనావాటికంటే ఎక్కువ కాలం మన్నుతుంది, అందులో సందేహం లేదు. కానీ సస్పెన్షన్ పిల్లల బరువుకి తగ్గట్టు చేసింది, నీ 68 కిలోలకి పూర్తిగా నొక్కుకుపోయి అడుగు కొడుతుంది. స్పేర్లు ఖరీదు. తమ్ముడే ఎక్కువ నడుపుతాడంటే కళ్ళు మూసుకుని అదే తీసుకో.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. ఈ బండ్లకి రిజిస్ట్రేషన్ కాదు, ఇన్సూరెన్సూ రాదు. చేను దాటి ఊరి రోడ్డు ఎక్కినా తప్పే. మైనర్ రోడ్డు మీద దొరికితే మోటారు వాహనాల చట్టం 199ఎ కింద పెద్దవాళ్ళ మీదే కేసు: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. చేనుకి ట్రాలీలో తీసుకెళ్ళండి.

---

నట్టుబోల్టు

కిక్‌రాడ్ గారు కొనడం గురించి చెప్పారు కాబట్టి ఇంటికి తెచ్చాక మొదటి రోజు పని నేను చెప్తానండి. చైనా పిట్ బైక్‌ని పూర్తయిన బండిగా చూడకండి. బిగించడం సగంలో ఆగిపోయిన బండి అనుకుని మొదలుపెట్టండి. కొత్తదైనా, వాడినదైనా పని ఒకటే.

ప్లాస్టిక్, సీటు, ట్యాంకు విప్పేయండి. ఒక్కో బోల్టు తీసి, మర శుభ్రం చేసి, నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క వేసి మళ్ళీ బిగించాలి. ఎరుపుది వాడొద్దు, తర్వాత వేడి చేస్తే తప్ప ఊడదు. తప్పనిసరిగా వేయాల్సిన చోట్లు: ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, వెనక స్ప్రాకెట్, బ్రేక్ డిస్క్, క్యాలిపర్, ఫుట్‌రెస్టు బార్, సైలెన్సర్ బ్రాకెట్. ఎగ్జాస్ట్ హెడ్ నట్లకి లాకర్ పనికిరాదు, వేడికి మాడిపోతుంది. అక్కడ కాపర్ గ్రీజు రాసి బిగించండి.

బిగువు కొలతలు దాదాపుగా: 6 మి.మీ. బోల్టుకి 10 న్యూటన్ మీటర్లు, 8 మి.మీ. కి 22 నుంచి 25, వెనక యాక్సిల్‌కి 50 పైన. టార్క్ పానా లేకపోతే 6 మి.మీ. బోల్టులకి పొడుగు పిడి పానా వాడకండి. అల్యూమినియం కేసులో మర ఊడిపోయేది అక్కడే.

హ్యాండిల్ కోన్ సెట్టు విప్పితే చాలా బండ్లలో గ్రీజు పూసీ పూయనట్టు ఉంటుంది. గోళీలు కిందపడకుండా పాత బనీను పరిచి విప్పండి, నిండుగా గ్రీజు పెట్టండి. నట్టు ఎంత బిగించాలంటే, ముందు చక్రం గాల్లో ఉంచి హ్యాండిల్‌ని మధ్య నుంచి వేలితో తోస్తే దాని బరువుకే ఓ పక్కకి ఒరగాలి, కానీ ఫోర్క్ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే ఆడకూడదు. స్వింగ్ ఆర్మ్ బుష్‌లకి, చక్రం యాక్సిళ్ళకి కూడా గ్రీజే.

చక్రం బేరింగులు అనుమానంగా ఉంటే ఆలోచించకుండా మార్చేయండి. అంచు మీద నంబరు ఉంటుంది. 12 మి.మీ. యాక్సిల్‌కి సాధారణంగా 6201, 15 మి.మీ. కి 6202. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నవే అడగండి, నంబరు తర్వాత 2ఆర్‌ఎస్ అని ఉంటుంది. రాణీగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఏ బేరింగు షాపులోనైనా దొరుకుతాయి, ఇవి మామూలు సైజులే. కొత్త బేరింగు దిగగొట్టేటప్పుడు బయటి రింగు మీదే దెబ్బ పడాలి. లోపలి రింగు మీద కొడితే గోళీల దారిలో గుంటలు పడి పది గంటల్లో మళ్ళీ ఆడటం మొదలవుతుంది.

చక్రం పుల్లలు (స్పోకులు) ఒక్కోటి స్క్రూడ్రైవర్‌తో తట్టి వినండి. టింగ్ అంటే సరే, డబ్ అంటే వదులు. పావు చుట్టు చొప్పున బిగించండి, ఒకే పుల్లని ఒకేసారి ఎక్కువ తిప్పితే రిమ్ము వంగుతుంది.

ఇక ఆయిల్. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఈ ఇంజిన్లలో చాలావాటికి పేపరు ఫిల్టరు ఉండదండి. అడుగున ఒక జాలీ, క్లచ్ పక్కన తిరుగుతూ చెత్తని అంచుకి విసిరేసే గిన్నె, అంతే. అంటే నలుసులన్నీ ఆయిల్‌లోనే తిరుగుతుంటాయి. కాబట్టి ఆయిల్ మార్చడమే మీ ఫిల్టరు. పట్టేది 800 నుంచి 900 మి.లీ. మాత్రమే. లీటరు డబ్బా మొత్తం పోయకండి, ఎక్కువైతే బ్రీదర్ పైపులోంచి కక్కుతుంది. గేజ్ పుల్లని మర తిప్పకుండా ఊరికే ఆనించి లెవెల్ చూడాలి.

10డబ్ల్యూ-40, డబ్బా మీద జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లది, క్లచ్ జారుతుంది. కారు ఆయిల్ కూడా అంతే.

కొత్త ఇంజిన్, లేదా కొత్త పిస్టన్ వేసినదైతే: మొదటి అరగంటకే ఆయిల్ తీసేయండి. వెండిపొడి కలిపినట్టు మెరుస్తూ వస్తుంది, భయపడకండి. తర్వాత 2 గంటలకి, మళ్ళీ 5 గంటలకి, ఆపైన ప్రతి 8 నుంచి 10 గంటలకి. డ్రెయిన్ బోల్టుకి 24 న్యూటన్ మీటర్లు చాలు, వాషరు కొత్తది వేయండి. కొత్త ఇంజిన్‌ని స్టాండు మీద ఐడిల్‌లో గంటలకొద్దీ ఉంచడం తప్పు. రింగులు సిలిండర్ గోడకి ఒదగాలంటే లోడు కావాలి. పది నిమిషాలు ఎక్సలేటర్ పెంచుతూ తగ్గిస్తూ నడపడం, పూర్తిగా చల్లారనివ్వడం, ఇలా మూడుసార్లు.

---

ఎర్రమట్టి

చాలా చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. మొదటి బండి కోడ్ చూశా: 152ఎఫ్‌ఎంహెచ్. అంటే 110. ఆ మాట చెప్పగానే ధర తగ్గించాడు, తీసుకున్నా. ఫ్రేమ్‌లో పగుళ్ళు లేవు. ఆయిల్ మార్చా, బోల్టుల పని అయ్యింది.

ఇప్పుడు సమస్య: ఎక్సలేటర్ మెల్లగా ఇస్తే సరే, ఒక్కసారిగా తిప్పితే "భో" అని ఆగిపోబోయి తర్వాత అందుకుంటుంది. చోక్ సగం పెడితే బాగా లాగుతుంది. ప్లగ్గు తీసి చూస్తే పింగాణీ తెల్లగా ఉంది. ఇంజిన్ తొందరగా వేడెక్కుతోంది. కార్బోరేటర్ బండితో వచ్చిన చైనాదే.

---

జెట్టుసైజు

సగం చోక్‌తో బాగా లాగుతోంది, ప్లగ్గు తెల్లగా ఉంది అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. లీన్ అన్నమాట. ఇలాగే నడిపితే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది, కాబట్టి ఇది సరిచేసేదాకా ఫుల్ ఎక్సలేటర్ ఇవ్వకండి.

కారణం సగం మన పెట్రోల్‌లోనే ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. ఉత్త పెట్రోల్ ఒక పాలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇ20కి 13.5 చాలు. అంటే అంతే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం ఇవ్వాలి. ఇంజెక్షన్ బండి అయితే సెన్సర్ చూసి తనే సర్దుకుంటుంది. కార్బోరేటర్‌కి ఆ తెలివి లేదు, జెట్టు రంధ్రం ఎంతో అంతే. ఉత్త పెట్రోల్‌కి అమర్చిన జెట్టుతో వచ్చిన చైనా బండి ఇక్కడ లీన్‌గా నడవడం మామూలే.

కానీ జెట్టు ముట్టుకునే ముందు గాలి దొంగదారిన రావట్లేదని తేల్చుకోండి. కార్బోరేటర్‌కీ హెడ్‌కీ మధ్య వంపు పైపు, దాని నల్ల ప్లాస్టిక్ ముక్క, ఓ-రింగు ఉంటాయి. బోల్టులు ఎక్కువ బిగిస్తే కార్బోరేటర్ అంచు వంగి మధ్యలో సందు వస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఆ జాయింట్ల మీద సబ్బునీళ్ళు స్ప్రే చేయండి. ఐడిల్ మారినా, నీళ్ళు లోపలికి పీల్చుకున్నా లీకు అక్కడే. కార్బోరేటర్ విప్పి, దాని అంచుని గాజుపలక మీద ఆనించి చూస్తే వంపు కంటికే కనబడుతుంది. 400 నంబరు ఎమరీ పేపర్ గాజు మీద పరిచి, అంచుని ఎనిమిది ఆకారంలో రుద్దితే చదునవుతుంది. కొత్త ఓ-రింగు వేయండి.

లీకు లేదని తేలాక ఈ వరుసలో వెళ్ళండి. వరుస తప్పితే ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది.

మొదట మెయిన్ జెట్టు. ఇది ముప్పావు నుంచి ఫుల్ ఎక్సలేటర్ దాకా పనిచేస్తుంది. ఇప్పుడున్న దాని మీద నంబరు రాసి ఉంటుంది, భూతద్దంతో చూడండి. రెండు సైజులు పెంచండి. ఫుల్ ఎక్సలేటర్‌లో సాగిపోతూ ఉండగా కిల్ స్విచ్ నొక్కి, క్లచ్ పట్టి ఆపి, అప్పుడు ప్లగ్గు తీయండి. ఐడిల్‌లో కాసేపు నడిచాక తీసిన ప్లగ్గు మెయిన్ జెట్టు గురించి ఏమీ చెప్పదు. లేత ఇటుక రంగు, కాఫీ రంగు మధ్య ఉంటే సరిపోయింది. నల్లటి మసి పట్టి, పైవేగంలో గుడగుడలాడితే ఒక సైజు తగ్గించండి.

తర్వాత సూది. పావు నుంచి ముప్పావు దాకా దీనిదే రాజ్యం. సూదికి గాట్లు, క్లిప్పు ఉంటాయి. క్లిప్పు ఒక గాటు కిందికి పెడితే సూది పైకి లేస్తుంది, పెట్రోల్ ఎక్కువ వస్తుంది. మీ "భో" లక్షణానికి చాలాసార్లు ఇక్కడే మందు దొరుకుతుంది.

చివర్లో పైలట్ జెట్టు, పక్క స్క్రూ. స్క్రూ పూర్తిగా లోపలికి మెల్లగా బిగించి, ఒకటిన్నర చుట్టు బయటికి తీయండి. ఇంజిన్ బాగా వేడిగా ఉన్నప్పుడు పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఐడిల్ ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువగా, నిలకడగా ఉంటుందో అక్కడ ఆపండి. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉన్న స్క్రూ అయితే అది గాలిది, బయటికి తీస్తే లీన్. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్‌ది, బయటికి తీస్తే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ. ఇది తిరగబడి అర్థం చేసుకుని గంటలు వృథా చేసేవాళ్ళు ఎక్కువ. గాలి స్క్రూ పూర్తిగా మూసేసినా ఐడిల్ ఇంకా బాగవుతూనే ఉంటే పైలట్ జెట్టే ఒక సైజు పెంచాలి.

కార్బోరేటరే మార్చాలనుకుంటే మికుని (జపాన్ కంపెనీ) వీఎం22 రకం బాగుంటుంది, జెట్లు సులువుగా దొరుకుతాయి. 110కి అంతకంటే పెద్దది వద్దు. పెద్ద గొంతులో గాలి వేగం తగ్గుతుంది, తక్కువ ఆర్‌పీఎంలో పెట్రోల్‌ని సరిగా పైకి లాగదు, పికప్ పోతుంది. ఇంకోటి, మికుని నంబర్లూ కెయిహిన్ (ఇంకో జపాన్ కంపెనీ) నంబర్లూ ఒకే కొలత కాదు. పాతదాంట్లో 85 ఉంది కదా అని కొత్తదాంట్లో 85 వేయకండి.

ప్లగ్గు ఈ హెడ్‌కి 10 మి.మీ. మరది. చైనా ప్లగ్గు మీద ఎ7టీసీ అని ఉంటే ఎన్‌జీకే సీ7హెచ్‌ఎస్‌ఏ సరిపోతుంది. గ్యాప్ 0.6 నుంచి 0.7.

ఇ20తో నిల్వ సమస్య కూడా ఉంది. ఇథనాల్ గాలిలోని తేమని పీలుస్తుంది. రెండు వారాల పైన బండి తీయరంటే ట్యాంకు కాక్ మూసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి, తర్వాత కార్బోరేటర్ అడుగు స్క్రూ వదిలి మిగిలిన చుక్కలు వంపేయండి. లేకపోతే పైలట్ జెట్టు రంధ్రం పచ్చటి జిగురుతో మూసుకుపోతుంది. దాన్ని గుండుసూదితో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. కార్బ్ క్లీనర్, గాలి ప్రెషర్ చాలు.

---

డాలస్_డర్ట్

స్ప్లెండర్ ఇంజిన్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. రెండూ హోండా అడ్డ ఇంజిన్ వంశంవే, అందుకే మెకానిక్‌లకి ఆ ఆలోచన వస్తుంది. కానీ స్ప్లెండర్ 97.2 సీసీ, మీది 107. పవర్ కోసమైతే లాభం లేదు. స్పేర్లు ఏ ఊర్లోనైనా దొరుకుతాయన్నది మాత్రం నిజమైన లాభం. ఖర్చు ఎక్కడొస్తుందంటే, మౌంటింగ్‌కి బ్రాకెట్లు చేయించాలి. చైను 428, మీ బండిది 420. రెండింటి లింకు పొడవు 12.7 మి.మీ. యే, కానీ వెడల్పు వేరు, కాబట్టి వెనక స్ప్రాకెట్ కూడా మారాలి. ముందు వెనక స్ప్రాకెట్లు ఒకే గీతలో లేకపోతే చైను ఊడి ఇంజిన్ కేసుని పగలగొడుతుంది. పలచటి పైపు ఫ్రేమ్ మీద అన్ని వెల్డింగులు పెట్టడం నాకైతే ఇష్టం ఉండదు. ఉన్న ఇంజిన్ నిజంగా పోయినప్పుడు, అదే మౌంటింగ్‌కి నేరుగా కూర్చునే వైఎక్స్ 125 గానీ 140 గానీ చూడండి. అప్పుడు కూడా స్ప్రాకెట్ షాఫ్ట్ 17 మి.మీ. దా 20 దా కొలిచాకే స్ప్రాకెట్ కొనండి.

డబ్బు పెట్టాల్సింది ఇంజిన్ మీద కాదు. నేనైతే ఇలా వెళ్తాను:

బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్. తర్వాత టైర్లు: ముందు 60/100-14, వెనక 80/100-12, గట్లు లోతుగా ఉన్న మట్టి టైర్లు. వెనక 12కి స్కూటర్ టైరు ఎక్కించొద్దు, మట్టిలో పట్టు ఉండదు. గాలి 12 నుంచి 15 పీఎస్‌ఐ. మీ దగ్గర రాళ్ళున్నాయి కాబట్టి 15 దగ్గరే ఉంచండి, తక్కువైతే రాయికి రిమ్ము తగిలి ట్యూబు రెండుచోట్ల పాము కాటులా తెగుతుంది. ట్యూబు నాజిల్ వంకరగా వాలి ఉంటే టైరు రిమ్ము మీద జారుతోందని అర్థం. గాలి తీసి సర్ది మళ్ళీ కొట్టండి.

ఆ తర్వాత సస్పెన్షన్. ఫోర్క్ ఆయిల్ మార్చడం చాలా చవకైన పని, తేడా మొదటి గుంటలోనే తెలుస్తుంది. ఫ్యాక్టరీ నుంచి రెండు కాళ్ళలో వేరువేరు కొలతలు ఉండటం మామూలే. రెండూ వంపేసి, స్ప్రింగులు తీసి, ఫోర్క్ పూర్తిగా నొక్కి ఉంచి, 10డబ్ల్యూ ఫోర్క్ ఆయిల్ పోయండి. పై అంచు నుంచి ఆయిల్ దాకా ఖాళీ రెండింటిలో సరిసమానంగా, 120 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. దూకినప్పుడు అడుగు కొడితే కాలికి 5 మి.లీ. చొప్పున పెంచండి.

వెనక షాక్ మార్చాలంటే ముందు కంటికీ కంటికీ మధ్య పొడవు, బోల్టు రంధ్రం వ్యాసం కొలవండి. పొడవు 10 మి.మీ. పెరిగినా సీటు ఎత్తు, చైను కోణం రెండూ మారతాయి. స్ప్రింగు మీద 750, 1000, 1200 లాంటి అంకె ఉంటుంది, అంగుళానికి ఎన్ని పౌండ్లు అని. పెద్ద అంకె అంటే మంచిది అని కాదు. మీరు కూర్చున్నప్పుడు వెనక మొత్తం ప్రయాణంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా దిగాలి. స్ప్రింగుని నొక్కి ఉంచే నట్టు ఎంత బిగించినా అంతకంటే ఎక్కువ దిగితే స్ప్రింగు మెత్తన, పూర్తిగా వదిలినా దిగకపోతే గట్టి. తమ్ముడికీ మీకూ ఒకే సెట్టింగ్ కుదరదు, ఇద్దరికీ నట్టు ఎక్కడుండాలో మార్కర్‌తో గీతలు పెట్టుకోండి.

గేరింగ్: చేనులో మొదటి రెండు గేర్లలోనే తిరుగుతున్నట్టయితే ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తగ్గించండి. అది వెనక దాదాపు 3 పళ్ళు పెంచినట్టు. చైను వదులు చూసేటప్పుడు బండి ఊరికే నిలబెట్టి చూస్తే పొరపాటు. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ బోల్టు, వెనక యాక్సిల్ ఈ మూడూ ఒకే గీతలోకి వచ్చేదాకా సీటు నొక్కించి, అప్పుడు మధ్యలో 10 నుంచి 15 మి.మీ. ఆడాలి. చైను అన్నిటికన్నా బిగుతుగా ఉండేది అక్కడే.

తమ్ముడు నడుపుతాడు కాబట్టి చేతికి తాడుతో తగిలించుకునే కిల్ స్విచ్ పెట్టండి. బండి మీద నుంచి పడగానే ఇంజిన్ ఆగిపోతుంది. దాని ధర ఒక ట్యూబు ధర కూడా ఉండదు. ఫుల్ ఫేస్ హెల్మెట్, చీలమండ దాటే బూట్లు, మోకాలి గార్డులు లేకుండా ఎక్కనివ్వద్దు.

---

ఎర్రమట్టి

జెట్టుసైజు అన్నా, కార్బోరేటర్ అంచు వంగే ఉంది, గాజు మీద పెడితే మధ్యలో వెలుతురు కనబడింది. రుద్ది, ఓ-రింగు మార్చి, క్లిప్పు ఒక గాటు దించి, మెయిన్ జెట్టు రెండు సైజులు పెంచా. "భో" పోయింది. ప్లగ్గు కాఫీ రంగులోకి వచ్చింది.

మిగిలింది ఒక్కటే. వేడి మీద కిక్ స్టార్ట్ కష్టమవుతోంది. కిక్‌రాడ్ అన్న చెప్పినట్టు వాల్వ్ టైట్ అయ్యుంటుందా? ఇంట్లో సెట్ చేసుకోవచ్చా? ఎయిర్ ఫిల్టర్ ఎన్నాళ్ళకి కడగాలి?

---

కిక్‌రాడ్

చేసుకోవచ్చు తమ్ముడూ, గంట పని. ఇంజిన్ రాత్రంతా ఆగి చల్లగా ఉండాలి.

ప్లగ్గు తీసెయ్, తిప్పడం తేలికవుతుంది. హెడ్ మీద పైనా కిందా రెండు టాపెట్ మూతలుంటాయి, 17 పానాతో ఊడదియ్. పైది ఇన్‌టేక్, కిందది ఎగ్జాస్ట్. ఎడమవైపు మ్యాగ్నెట్ కవర్ విప్పు. హెడ్ ఎడమ పక్క గుండ్రటి మూత కూడా విప్పు, దాని పొడుగు బోల్టు కుడివైపు నుంచి ఉంటుంది. ఇప్పుడు మ్యాగ్నెట్ నట్టుకి సాకెట్ పెట్టి, ఎడమవైపు నుంచి చూస్తూ గడియారానికి ఎదురు దిశలో తిప్పు. మ్యాగ్నెట్ మీది టి గీత కేసు మీది గాటుకి ఎదురుగా రావాలి, అదే సమయంలో పైన క్యామ్ స్ప్రాకెట్ మీది గుండ్రటి గుర్తు హెడ్ మీది గాటుకి ఎదురుగా ఉండాలి. గుండ్రటి గుర్తు అటువైపు ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పు. సరైన చోట రెండు రాకర్లూ (వాల్వ్‌లని నొక్కే చేతులు) వేలికి సన్నగా ఆడతాయి. ఒకటి అసలు ఆడకపోతే నీ జబ్బు అదే.

ఫీలర్ గేజ్ 0.05 మి.మీ. బ్లేడు రాకర్ స్క్రూకీ వాల్వ్ కొనకీ మధ్య దూర్చు. కాగితం లాగినట్టు సన్నగా పట్టుతో జారాలి. 0.08 బ్లేడు దూరకూడదు. సరిపోకపోతే లాక్‌నట్టు వదిలి, స్క్రూ తిప్పి, బ్లేడు లోపల ఉండగానే నట్టు బిగించు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దానితో తిరుగుతుంది, అందుకని స్క్రూని ఇంకో చేత్తో పట్టుకుని బిగించి, మళ్ళీ కొలువు. మూడుసార్లు చేస్తేగానీ కుదరదు, తొందరపడకు. ఈ కొలత నీ 110కి. తర్వాత ఎప్పుడైనా వేరే ఇంజిన్ పెడితే దాని మాన్యువల్ చూసి సెట్ చెయ్.

టిక్ టిక్ చప్పుడు వస్తోందని కొందరు సందు తగ్గించేస్తారు. అది ప్రమాదం. వదులు వాల్వ్ చప్పుడు చేస్తుంది అంతే. టైట్ వాల్వ్ వేడెక్కి సాగాక సీటు మీద పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్ పోతుంది, నీకు వేడి మీద స్టార్ట్ కానిది అందుకే. ఎగ్జాస్ట్ వాల్వ్ అయితే తన వేడిని సీటుకి ఇచ్చి చల్లబడే వీలు లేక అంచు కాలిపోతుంది. మొదటిసారి 5 గంటలకి, తర్వాత ప్రతి 20 గంటలకి చూసుకో.

ఫిల్టర్ సంగతి. మీ ఎర్రమట్టి మెత్తటి పిండిలా ఉంటుంది, కాబట్టి నడిపిన ప్రతిరోజూ సాయంత్రం కడుగు. ఫోమ్‌ని కిరోసిన్‌లో పిసికి, తర్వాత సబ్బునీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టు. పెట్రోల్‌తో కడిగితే అతుకుల జిగురు ఊడుతుంది. పిండేటప్పుడు మెలిపెట్టొద్దు, అరచేతుల మధ్య నొక్కు. ఆరాక ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ పట్టించి, ఎక్కువైంది పిండేసి, కార్బోరేటర్ గొంతుకి తగిలే అంచుకి కాస్త గ్రీజు రాసి బిగించు. మట్టి లోపలికి పోతోందో లేదో తెలియాలంటే, ఫిల్టర్ తీసినప్పుడు కార్బోరేటర్ నోట్లో తెల్లగుడ్డ చుట్టిన వేలు పెట్టి తుడువు. గుడ్డకి ఎరుపు అంటిందంటే ఫిల్టర్ అంచు సరిగా కూర్చోవట్లేదు, క్లాంపు మార్చేదాకా బండి తీయకు.